సముద్రానికి దూరమైన కొద్దీ

 

ఈ ఏడాది మా మాస్టారి స్మారకోపన్యాసానికి ఏ విషయం తీసుకుంటారని నిర్వాహకులు ఫోన్ చేసి అడిగితే, తడుముకోకుండా నా నోటి వెంట వచ్చిన మాట శంఖం. మాస్టారి బల్ల మీద ఎప్పుడూ ఒక శంఖం ఉండేది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో మొలస్కా పాఠం వచ్చిన రోజు దాన్ని మొదటి బెంచీకి అందించేవారు. అది చేతులు మారుతూ చివరి బెంచీ దాకా వెళ్లి తిరిగొచ్చేవరకు ఆయన నోరు విప్పేవారు కాదు. ‘ముందు బరువు తెలియాలి, మాటలు తర్వాత’ అనేవారు. నాకు మొదట తెలిసింది ఆ బరువే. దోసిట్లో ఇమిడే వస్తువు ఇంత బరువేమిటా అనుకున్నాను. రెండో సంగతి, అది తెల్లగా లేదు. క్యాలెండర్లో విష్ణుమూర్తి చేతిలో చూసిన పాలనురుగు తెలుపు దానికి లేదు. ఒళ్లంతా ముదురు గోధుమరంగు పొర, తడిమితే పాత మఖమల్ గుడ్డలా తగిలింది. ఒక్కచోట మాత్రం ఆ పొర రాలిపోయి, కింద పింగాణీలాంటి తెలుపు బయటపడి ఉంది. ‘ఈ పొరంతా గీకితేగానీ గుడిలోకి వెళ్లే రంగు రాదు’ అని పాఠం మొదలుపెట్టారు.

ఆ జీవి శాస్త్రనామం టర్బినెల్లా పైరమ్. మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, శ్రీలంక తీరం దానికి ముఖ్యమైన తావులు. ఇసుకలో సగం కూరుకుపోయి, మెల్లగా పాకుతూ, సముద్రపు పురుగుల్ని తిని బతుకుతుంది. దాని ఒంట్లోంచి ఊరే సున్నమే పొర మీద పొరగా గట్టిపడి ఆ ఇల్లవుతుంది. ఇల్లు కట్టుకున్న ప్రాణి చచ్చిపోయాక ఆ ఇంటికి మనుషులు ఏమేం చేశారన్నది నా ఉపన్యాసం.

మాస్టారి శిష్యుడినే అయినా నేను చరిత్ర వైపు వెళ్లాను. చదువుతూ, మ్యూజియంలు తిరుగుతూ ఉండగా ఒక సంగతి నా మనసులో స్థిరపడింది. సముద్రపు ఒడ్డున శంఖానికి దక్కే గౌరవం అంతంతమాత్రమే. పాక్ అఖాతం పక్కన దాని మాంసం ఉడకబెట్టుకుని తింటారు. కరీబియన్ దీవుల్లోనూ రాణి శంఖం అనే పెద్ద గులాబి నోటి శంఖం ప్రధానంగా తిండి సరుకే. తిన్నాక మిగిలిన గుల్లలు ఒడ్డున గుట్టలు పడి ఉంటాయి. అదే గుల్ల కొండలెక్కి, సముద్రం ముఖం ఎన్నడూ చూడని మనుషుల చేతికి చేరితే దేవుడి గొంతవుతుంది. హవాయి, ఫిజీ, న్యూజిలాండ్ లాంటి ద్వీపవాసుల సంగతి వేరు. వాళ్లకు సముద్రమే ఊరు కాబట్టి శంఖానికి ఒడ్డున కూడా మర్యాద ఉంది. మిగతాచోట్ల మాత్రం దూరమే దాని విలువ పెంచిందని నేను నమ్ముతున్నాను.

ఫ్రాన్స్ దక్షిణాన పిరెనీస్ కొండల పాదాల దగ్గర మార్సులా అనే గుహ ఉంది. 1931లో అక్కడ ఒక పెద్ద శంఖం దొరికింది, పొడవు 31 సెంటీమీటర్లు. కొన విరిగి ఉండటంతో ఏదో పానపాత్ర అనుకుని తులూజ్ మ్యూజియంలో భద్రపరిచారు. తొంభై ఏళ్లు అది అక్కడే ఉండిపోయింది. మళ్లీ చేతిలోకి తీసుకుని చూసినవాళ్లకు అనుమానం వచ్చింది. శంఖంలో కొన భాగం అన్నిటికంటే గట్టిది, దానంతటది విరగదు. లోపలికి చిన్న కెమెరా పంపి చూస్తే, లోచుట్టు గోడలకు ఎవరో శ్రమపడి రంధ్రం తొలిచినట్టు కనిపించింది. కొన దగ్గర అంటుకున్న గోధుమరంగు పదార్థం, ఊదడానికి గొట్టంలాంటిది అమర్చిన జిగురు కావచ్చన్నారు. పెదవి లోపలి వైపు ఎర్రటి చుక్కలున్నాయి. వేలికొన జేగురులో ముంచి అద్దినవి. అదే గుహ గోడ మీది అడవి దున్న బొమ్మ కూడా సరిగ్గా అలా వేలితో అద్దిన చుక్కలతోనే ఉంది. 2021లో ఆ పరిశోధన అచ్చయింది. వయసు దాదాపు 18,000 ఏళ్లు. బాకా వాయించే విద్వాంసుడొకరిని పిలిచి ఊదిస్తే మూడు స్వరాలు పలికింది.

ఆ ధ్వనిముద్రణ నేను విన్నాను. బొంగురుగా, బరువుగా, కొంచెం వణుకుతూ ఉంటుంది. ఆ గుహకు అట్లాంటిక్ సముద్రం రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంత దూరం మోసుకొచ్చి, కొన కొట్టి, లోపల తొలిచి, రంగు పూసినవాళ్లు వ్యవసాయం ఎరగరు, కుండ చేయడం ఎరగరు. శంఖాన్ని పలికించడం మాత్రం ఎరుగుదురు.

పలికించడం అన్నాను కాబట్టి ఆ పని గురించి రెండు మాటలు. శంఖంలోకి ఉత్తగాలి ఎంత ఊదినా బుస్సుమంటుందే తప్ప పలకదు. పెదవులు బిగించి, వాటిని అదిరేలా చెయ్యాలి. ఆ అదురు, చుట్లు తిరుగుతూ వెడల్పయ్యే గొట్టంలో పెరిగి పెద్దదై నోటి నుంచి బయటికొస్తుంది. గుల్ల పెద్దదయితే స్వరం కిందికి దిగుతుంది. నోటి దగ్గర అరచెయ్యి అడ్డం పెడితే ఇంకొంచెం దిగుతుంది. ఇక శంఖాన్ని చెవి దగ్గర పెట్టుకుంటే సముద్రం వినిపిస్తుందని చిన్నప్పుడు అందరం నమ్మాం. వినిపించేది మన చుట్టూ ఉన్న చప్పుడే, గుల్ల లోపల మార్మోగి అలా తిరిగొస్తుంది. చుట్టూ చప్పుడు ఎంత తగ్గితే ఆ సముద్రం అంత సన్నబడుతుంది. మాస్టారు పరీక్ష పెట్టి మరీ చూపించారు.

పెరూ దేశంలో ఆండీస్ కొండల మీద, సముద్రమట్టానికి 3,000 మీటర్ల పైన, చావిన్ దె వాంతార్ అనే ప్రాచీన ఆలయం ఉంది. ఇన్కా సామ్రాజ్యానికి రెండు వేల ఏళ్ల ముందే కట్టడం మొదలైనది. 2001లో జాన్ రిక్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడి బృందం అక్కడ ఒక ఇరుకు రాతి గదిలో 20 శంఖాలు వెలికితీసింది. అన్నీ ఊదే శంఖాలే, పుతుతు అంటారు. వాటి మీద బొమ్మలు చెక్కి ఉన్నాయి. తరాల తరబడి చేతుల్లో నలిగి అరిగి నున్నబడి ఉన్నాయి. ఆ జాతి శంఖం పెరూ తీరంలోని చల్లటి నీళ్లలో బతకదు, ఉత్తరాన ఈక్వడార్ వైపు వెచ్చటి నీళ్లది. అంటే అన్ని వందల మైళ్లు తీరం వెంట దిగి, ఆ పైన కొండెక్కింది. ఆలయం కింద చీకటి సొరంగాలున్నాయి, మధ్యలో లాన్సోన్ అనే ఎత్తైన రాతి మూర్తి. మిరియం కోలర్ అనే పరిశోధకురాలు ఆ సొరంగాల్లో ధ్వని ఎలా ప్రయాణిస్తుందో కొలిచారు. మూర్తి ఉన్న గది నుంచి బయటికి పోయే రాతి సందులు శంఖనాదాన్ని ప్రత్యేకంగా మోసుకుపోయేలా ఉన్నాయట. బయట నిలబడ్డ యాత్రికుడికి కొండ గర్భంలోంచి మూర్తే పలికినట్టు ఉండేది కాబోలు. అలా అనుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మెక్సికోలోని ప్రాచీన కథ ఒకటి చెబుతాను. కెట్సాల్‌కోవాట్ల్ అనే దేవుడు పాత మనుషుల ఎముకలు తెచ్చి కొత్త మనుషుల్ని చెయ్యాలని పాతాళానికి వెళతాడు. అక్కడి యముడు ఒక పరీక్ష పెడతాడు. ఈ శంఖం ఊదుతూ నా లోకం చుట్టూ నాలుగుసార్లు తిరిగి రా, ఎముకలు ఇస్తానంటాడు. తీరా చూస్తే ఆ శంఖానికి రంధ్రమే లేదు. పురుగులొచ్చి రంధ్రాలు తొలుస్తాయి, తేనెటీగలు లోపల దూరి రొద చేస్తాయి. శంఖం మోగుతుంది. మనిషి జాతి పుట్టుక కోసం పురుగులూ తేనెటీగలూ కష్టపడిన ఈ కథంటే నాకు చాలా ఇష్టం. శంఖం దానంతటది పలకదనీ, ఎవరో ఒకరు తొలవాలనీ ఆ కథ కట్టినవాళ్లకు బాగా తెలుసు.

తొలిచిన, తొలవని శంఖాల తేడా మన దగ్గర గుడిలోనే ఉంది. కొన కోసినది ఊదే శంఖం. కొన కొయ్యనిది తీర్థం పోసే శంఖం. ఊదిన శంఖంతో అభిషేకం చెయ్యరు. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదన్న సామెత ఆ రెండో శంఖం గురించి. మొదటి దాని గురించీ ఒకటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం నీ తాతల తరం కాదన్నాడట. తిరుమల మహాద్వారం దగ్గర రెండు పక్కలా శంఖనిధి, పద్మనిధి ఉన్నారు. శంఖం కుబేరుడి నిధుల్లో ఒకటి, అంతేకాదు, లెక్కకు అందని పెద్ద సంఖ్యకు కూడా అదే పేరు. ఇక్కడే ఒక చిన్న సంగతి మనవి చేసుకుంటాను. పేపర్లలో, ఫ్లెక్సీల మీద ‘శంఖుస్థాపన’ అని తరచూ కనబడుతోంది. అది శంకుస్థాపన. శంకువంటే నేలలో పాతే మేకు. దానికీ శంఖానికీ చుట్టరికం లేదు.

తెలుగు నేల మీద శంఖం వినికిడి రెండు తావుల్లో ఎక్కువ. ఒకటి గుడి, రెండోది చావు. నా చిన్నతనంలో మా ఊళ్లో పెద్దవాళ్లు పోతే పాడె ముందు దాసరి నడిచేవాడు, ఒక చేత జేగంట, ఒక చేత శంఖం. నాలుగడుగులు వేసి ఆగి ఊదేవాడు. ఆ మోత వీధి మలుపు తిరగకముందే మా నాయనమ్మ మమ్మల్ని లోపలికి లాగి తలుపు దగ్గరికి వేసేది. పండగరోజు జంగందేవర అదే శంఖం ఊదుతూ గుమ్మంలోకొస్తే మాత్రం చేటలో బియ్యం తీసుకుని ఎదురెళ్లేది. ఒకే మోత ఒకసారి తలుపు వేయించింది, ఒకసారి తీయించింది. పెద్దయ్యాక కలకత్తాలో ఒక మిత్రుడి ఇంట్లో సాయంత్రం దీపం పెట్టే వేళ ఆ ఇల్లాలు శంఖం తీసి మూడుసార్లు ఊదారు. నాకు గుండె గుభేలుమంది. వాళ్లకది సంధ్యాదీపమంత మామూలు. పెళ్లిలో, బిడ్డ పుట్టినప్పుడు, ప్రతి శుభానికీ ఊదేది ఆడవాళ్లే.

బెంగాల్ దగ్గర ఆగాలి. ఎందుకంటే శంఖం మీద అత్యంత ఓపికైన పని అక్కడ జరిగింది. హిందూ ముత్తయిదువ చేతికి తెల్లటి శంఖపు గాజు, పొలా అనే ఎర్ర గాజు, ఈ రెండూ మన దగ్గర మంగళసూత్రం, నల్లపూసలతో సమానం. శంఖపు గాజు కోసేవాళ్లను శాంఖారీలంటారు. ఢాకాలో వాళ్ల వీధి శాంఖారీ బజార్. వీధి ముఖాన నాలుగు బారలు కూడా లేని ఇళ్లు వెనక్కి పొడుగ్గా సాగి ఉంటాయి. బాంకురా జిల్లా విష్ణుపూర్‌లోనూ ఆ పనివాళ్లున్నారు. చేత్తో కోసే రంపం మామూలు రంపం కాదు. అర్ధచంద్రాకారంలో, పెద్ద ఇనప రేకు. పనివాడు నేల మీద కూర్చుని, శంఖాన్ని కాళ్ల దగ్గర కదలకుండా బిగించి పెట్టుకుని, రంపాన్ని రెండు చేతులా పట్టి ఉయ్యాల ఊపినట్టు ఊపుతాడు. పోయేటప్పుడూ కోస్తుంది, వచ్చేటప్పుడూ కోస్తుంది. ఎటు కదిలినా కష్టమే అన్న పరిస్థితిని బెంగాలీలు శాంఖారీ రంపంతో పోలుస్తారు. తెల్లటి దుమ్ము కనురెప్పల మీద దాకా పేరుకుంటుంది. ఒక శంఖం నుంచి వచ్చే మంచి వలయాలు కొన్నే. మిగిలిన ముక్కలు ఉంగరాలకు, పూసలకు పోతాయి. పొడిని కూడా పారెయ్యరు. శంఖాన్ని కాల్చి చేసే శంఖభస్మం కడుపులో మంటకు ఆయుర్వేదం ఇచ్చే మందు. సున్నం ఆమ్లాన్ని విరుస్తుందని రసాయనశాస్త్రం కూడా ఒప్పుకుంటుంది.

ఈ రంపానికి చాలా పాత చుట్టం ఉంది. సింధు నాగరికత కాలంలో, క్రీ.పూ. 2600, 1900 మధ్య, గుజరాత్ తీరంలో శంఖపు గాజుల కార్ఖానాలు నడిచాయి. ద్వారక దగ్గరి నాగేశ్వర్‌లో కోసి పారేసిన శంఖాల ముక్కలు కుప్పలుగా దొరికాయి. ఆ ముక్కల మీది రంపపు గాట్లను జోనథన్ మార్క్ కెనోయర్ శ్రద్ధగా కొలిచి చూశారు. కంచు రంపం, అంచు వంపు తిరిగినది, బెంగాల్ శాంఖారీల రంపానికి దగ్గరి రూపం అని తేల్చారు. శంఖపు వలయంలో ఒక చుట్టు మరో చుట్టుతో కలిసేచోట ఒక సహజమైన అతుకు ఉంటుంది. ఆ అతుకు కనబడకుండా హరప్పా పనివాళ్లు సరిగ్గా అక్కడే బాణపు ములికిలాంటి గుర్తు చెక్కారు. లోపాన్ని నగగా మార్చారు. ఆ గాజుల్ని తీరానికి వందల మైళ్ల దూరంలో, పంజాబు మైదానాల్లో ఆడవాళ్లు తొడుక్కున్నారు, కొందరు వాటితోనే సమాధిలోకి వెళ్లారు.

బెంగాల్ గాజుకు ముడిసరుకు మాత్రం బెంగాల్లో పుట్టదు. తూత్తుకుడి, కీళక్కరై, శ్రీలంక నుంచి రావాలి. 1914లో జేమ్స్ హార్నెల్ అనే మద్రాసు మత్స్యశాఖ అధికారి ఈ శంఖం మీద ఒక పెద్ద పుస్తకమే రాశాడు. శంఖాల వేట హక్కు డచ్చివాళ్ల చేతి నుంచి ఇంగ్లీషువాళ్లకూ, మద్రాసు ప్రభుత్వానికీ మారుతూ వచ్చింది. హక్కుదారులు మారారు కానీ నీళ్లలోకి దూకింది పరవ జాలర్లు, ముస్లిం గజ ఈతగాళ్లు. ఊపిరి బిగబట్టి బారల కొద్దీ లోతుకు దిగి, ఇసుక మీద శంఖం పాకిన చారను వెతికి, ఆ చార వెంట పోయి దాన్ని పట్టేవాళ్లు. పైకి తెచ్చాక కొలత చూసేవారు. కొలతకు తక్కువైన పిల్ల శంఖాన్ని మళ్లీ నీళ్లలో వదిలేసేవారు. గుడిలో శంఖనాదం విన్నప్పుడు నాకిప్పుడు ముందుగా గుర్తొచ్చేది ఆ బిగబట్టిన ఊపిరి.

దక్షిణావర్త శంఖం గురించి అడగకుండా మీరు నన్ను వదలరు, నాకు తెలుసు. జీవశాస్త్రజ్ఞులు శంఖాన్ని కొన పైకి పెట్టి పట్టుకుంటారు. నోరు కుడివైపుంటే కుడి శంఖం అంటారు, దాదాపు అన్నీ అవే. మన పెద్దలు తోక పైకి పెట్టి పట్టుకున్నారు, అప్పుడు అదే నోరు ఎడమకొస్తుంది. అందుకని వాళ్ల కుడి మనకు వామావర్తం, వాళ్ల ఎడమ మనకు దక్షిణావర్తం. తమిళులు వలంపురి అంటారు. టర్బినెల్లా జాతిలో అది అత్యంత అరుదు. అరుదైనదానికి దొంగ సరుకు తప్పదు. అమెరికా తీరంలో, మెక్సికో సింధుశాఖలో మెరుపు శంఖం అనే వేరే జాతి ఉంది. దానికి పుట్టుకతోనే నోరు ఎడమవైపు. అక్కడ అది మామూలు గుల్ల. ఇక్కడికొచ్చి వేలకు, లక్షలకు దక్షిణావర్తంగా అమ్ముడుపోతుంది. మా మేనమామ ఒకరు కూతురి పెళ్లి కుదరాలని అలాంటిది కొన్నారు, ఎక్కడ కొన్నారన్నది ఇప్పుడు వద్దు. మాస్టారి దగ్గరికి తీసుకెళితే ఆయన మాట్లాడకుండా శంఖం నోట్లోకి చూపుడువేలు పెట్టి తడిమారు. అసలు శంఖానికి లోపలి స్తంభం మీద మూడు నాలుగు మడతలు, మెట్లలా, వేలికి తగులుతాయి. మెరుపు శంఖానికి అక్కడ నునుపు. మా మామకు నిజం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ‘పెళ్లి దీనివల్ల ఆగదు, దీనివల్ల జరగదు, అమ్మాయిని చదివించండి’ అన్నారు.

ఇంకా ఎక్కువ దూరం వెళ్లిన శంఖం టిబెట్‌ది. హిమాలయాల అవతల మఠాల్లో వెండి, రాగి తొడుగులు తొడిగి ఊదే దుంగ్‌కర్ చాలావరకు మన దక్షిణ సముద్రపు టర్బినెల్లాయే. అష్టమంగళ చిహ్నాల్లో ఒకటి. వడగళ్ల వాన పైర్ల మీద పడకుండా ఊదుతారు. టిబెట్ నుంచి వచ్చిన ఒక దక్షిణావర్త శంఖాన్ని చైనా చక్రవర్తి చియన్‌లోంగ్, 1787లో సముద్రం దాటి తైవాన్ మీదికి వెళ్లే సేనానికిచ్చి పంపాడు, అలలు శాంతించాలని. సముద్రంలో పుట్టి, మంచుకొండలెక్కి, చివరకు సముద్రాన్నే శాంతింపజెయ్యడానికి తిరిగొచ్చింది ఆ గుల్ల. జపాన్‌లో యమబుషి అనే కొండ సన్యాసులు ఊదే శంఖం హొరగై. ఒకప్పుడు సమురాయ్ సేనలకు కూడా అదే సంకేతం. గొప్పలు చెప్పుకునేవాణ్ని ఆ భాషలో ‘హొరా ఊదుతున్నాడు’ అంటారు.

హైతీ సంగతి చెప్పి ముగిస్తాను. ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన మనుషుల్ని చెరుకు తోటల్లో చాకిరీకి పెట్టిన దీవి అది. వాళ్లకు తినడానికి దొరికే రాణి శంఖం గుల్లను లాంబి అంటారు. 1791లో తిరుగుబాటు లేచింది. పదమూడేళ్లకు హైతీ స్వతంత్ర దేశమైంది. ఆ పోరాటానికి గుర్తుగా రాజధాని పోర్టో ప్రిన్స్‌లో శిల్పి అల్బేర్ మాంగోనెస్ చేసిన విగ్రహం ఉంది. ఒక కాలు చాపి, ఒక మోకాలి మీద వంగిన పారిపోయిన బానిస. చీలమండకు తెగిన గొలుసు, ఒక చేత కత్తి, తల వెనక్కి వాల్చి మరో చేత్తో నోటికెత్తిన లాంబి. తిండి తిన్నాక ఒడ్డున పారేసే గుల్లే అది. ఒడ్డున శంఖానికి మర్యాద తక్కువని ఇందాక అన్నాను. ఈ ఒక్క విగ్రహం దగ్గర నా మాట నిలబడదు, నిలబడకపోవడమే నాకు సంతోషం.

ఆ రాణి శంఖం ఇప్పుడు తరిగిపోతోంది. 1992 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు ఉంది. మన దేశం 2001లో ట్రైటన్ శంఖాన్ని వన్యప్రాణి చట్టం రక్షణలోకి తెచ్చింది. పగడపు దిబ్బల్ని తినేసే ముళ్ల నక్షత్రచేపను వేటాడే కొద్ది జీవుల్లో అదొకటి.

మాస్టారి శంఖాన్ని ఆయన సతీమణి ఈ రోజు సభకు తెచ్చారు, ఈ బల్ల మీదే ఉంది. దానికి కొన కొయ్యలేదు. కోయించి ఊదుదామని మేము విద్యార్థులం ఎన్నిసార్లు అడిగినా ఆయన ఒప్పుకోలేదు. దయచేసి వెళ్లేముందు అందరూ ఒకసారి ఇటు రండి. ముందు బరువు చూడండి. తర్వాత చూపుడువేలు లోపలికి పెట్టి మడతలు లెక్కపెట్టండి. నాకు మూడు తగిలాయి, నాలుగోది ఉందో లేదో మీరు చెప్పాలి.